వెలగని గీజరు, ఒక శిష్యుడి నోటుపుస్తకం



క్రిందటి టపాలో ద్విత్వాక్షరాలకూ సంయుక్తాక్షరాలకూ గల భేదాన్ని మూడవ తరగతి పిల్లలకు ఎలా చెప్పవచ్చునో వ్రాయడం మొదలుపెట్టి, రెండవ భాగం త్వరలోనే అందిస్తానని మాట ఇచ్చాను. ఆ మాట ఈసారికి చెల్లించలేకపోతున్నాను. మళ్లీ చలికాలం వచ్చింది. ఉదయాన బడికి వెళ్లే దారిలో అట్టలతో మూసిన స్నానాలగదుల కిటికీలను చూసినప్పుడల్లా 2024 డిసెంబరులో మా ఇంట్లో జరిగిన సంగతి గుర్తుకు వస్తున్నది. అప్పుడే వ్రాయవలసినది. తప్పు నాది కావడం చేత చేయి సాగలేదు. తెలుగు పంతులమ్మకు గ్యాసు గీజరుతో ఏమి పని అని మీరు అడగవచ్చు. ఇందులో గీజరు ఎంత ఉన్నదో తెలుగూ అంతే ఉన్నది. కొంచెం ఓపికతో చదవండి.

హోసూరు ఎరుగనివారికి ఒక మాట. తమిళనాడులో కర్ణాటక సరిహద్దును ఆనుకొని, సముద్రమట్టానికి దాదాపు 2900 అడుగుల ఎత్తున ఉన్న ఊరు మాది. మార్గశిర పుష్య మాసాలలో తెల్లవారుజామున కుళాయి త్రిప్పితే నీళ్లు వేళ్లను కొరుకుతాయి. నా చిన్ననాడు ఇక్కడి ఇళ్లలో బచ్చలిల్లు వేరుగా ఉండేది. ఒక మూల నీళ్లపొయ్యి, దానిమీద మట్టితో మెత్తి కూర్చోబెట్టిన రాగి హండా, పైన పెంకుల నడుమ పొగ పోవడానికి వదిలిన సందు. కొబ్బరిమట్టలు, ఎండిన నీలగిరి ఆకులు వేసి మా అమ్మ పొయ్యి రాజేసేది. ఆ పొగకు కళ్లు మండి ఏడుస్తూనే స్నానం చేసేవాళ్లం. గ్యాసు గీజరు వచ్చిన రోజున ఆ పొగ పీడ విరగడయిందని మేమందరం సంతోషించిన మాట నిజం.

మా ఇంటి గీజరు సంగతి. నిమిషానికి ఆరు లీటర్ల నీటిని కాచే చిన్న పెట్టె. స్నానాలగది లోపలి గోడకు తగిలించి ఉండేది. సిలిండరు వెనుకవైపు వసారాలో, ట్యూబు గోడకు వేసిన రంధ్రం గుండా లోపలికి. బిగించిన మనిషి ఎందుకు అక్కడ బిగించాడో మేము అడగలేదు. పైపు ఖర్చు తగ్గుతుందని అతడు అన్నాడు, మేము సరే అన్నాము. గది ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. పైన అద్దపు పలకల చిన్న వెంటిలేటరు ఒకటి. ఆ సంవత్సరం చలి ముందుగానే మొదలయింది. స్నానం చేస్తుంటే వీపుకు చలిగాలి కొడుతున్నదని మా అత్తగారు రెండు మూడుసార్లు అన్నారు. ఆమెకు అప్పుడు డెబ్బై తొమ్మిదేళ్లు. నేనే స్టూలు ఎక్కి, బడి నుంచి తెచ్చిన చార్టు అట్టను కత్తిరించి, వెంటిలేటరుకు అతికించాను. ఆ చార్టు వెనుక గుణింతాల పట్టిక ఉండేది. ఈ వివరం ఎందుకు చెబుతున్నానో నాకే తెలియదు, కాని ఆ అట్టను తలచుకుంటే ముందుగా కనపడేది ఆ గుణింతాలే.

డిసెంబరు మొదటి వారంలో గీజరు మొరాయించడం మొదలుపెట్టింది. కొన్ని ఉదయాలు కుళాయి తిప్పినా లోపలి నుంచి చప్పుడే లేదు. కొన్ని ఉదయాలు టిక్ టిక్ అని ఏడెనిమిదిసార్లు కొట్టుకొని ఊరుకునేది. ఎప్పుడైనా వెలిగి, అర నిమిషానికి ఆరిపోయేది. మేము చేసిన వైద్యం అందరూ చేసేదే. మొదట సెల్లులు మార్చాము. ఒకరోజు బాగా వెలిగింది. సెల్లుల దోషమే అనుకొని నిశ్చింతగా ఉన్నాము. మరునాడు మళ్లీ అదే వరుస. గ్యాసు అయిపోయిందేమో అని నేనంటే, మావారు వంటింట్లో నుంచి, "పొయ్యి మండుతూనే ఉన్నది కదా, అదే సిలిండరే కదా" అన్నారు. వాదన సబబుగానే ఉన్నట్లు తోచింది. వసారాలోని ఆ ఒక్క సిలిండరు నుంచే రెండింటికీ పైపు చీలి ఉండేది. తరువాత కుళాయిని కట్టి విప్పి, కట్టి విప్పి, ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నించడం మాకు అలవాటయింది. ఒక ఉదయం అలా ప్రయత్నిస్తుండగా గీజరు ధబ్బుమని పెద్ద శబ్దంతో వెలిగింది. నేను ఉలిక్కిపడ్డాను. వెలిగింది కదా అని మావారు నవ్వారు. నేనూ నవ్వాను.

మా ఇంట్లో ముందుగా మావారు, తరువాత నేను, ఆఖరున అత్తగారు స్నానం చేస్తాము. ఆ వారంలో రెండుసార్లు ఆమె స్నానం ముగించి వచ్చి తల దిమ్ముగా ఉన్నదని మంచం మీద వాలిపోయారు. వైద్యుడి దగ్గరకు తీసుకొని వెళ్లాము. రక్తపోటు కొంచెం ఎక్కువగా ఉన్నదని మాత్ర మార్చారు. స్నానానంతరమే ఇలా అవుతున్నదని మేము ఆయనకు చెప్పలేదు. మాకు ఆ సంబంధం తోచలేదు. మూడవసారి ఆమె తలుపు తీసి గడప దాటలేక అక్కడే కూర్చుండిపోయారు. వాంతి అయింది. "కాళ్లు నావి కావే అమ్మాయ్" అన్నారు. నేనూ మావారూ చెరొక చేయి పట్టి వసారాలోకి తెచ్చి కూర్చోబెట్టాము. పావుగంటలో తేరుకొని కాఫీ అడిగారు. వసారాకు వచ్చాక తేరుకోవడం కూడా మాకు ఏమీ చెప్పలేదు.

ఆ ఆదివారం గీజరు బాగుచేసే మనిషి కోసం ఎదురింటివారిని అడిగితే ఒక నంబరు ఇచ్చారు. వచ్చినవాడు గేటు దగ్గరే చెప్పులు విడిచి, "టీచర్, నేను" అని తన పేరు చెప్పాడు. గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. నా దగ్గర చదువుకున్న పిల్లవాడే. 2006లో వచ్చిన తమిళ నిర్బంధ చట్టం ఆ సంవత్సరం ఒకటవ తరగతిలో చేరినవారితో మొదలై ఏడాదికొక తరగతిగా పైకి జరిగింది కనుక అతడికి తగలలేదు. చదివినంత మేరకు తెలుగు మాధ్యమంలోనే చదివాడు. పదవ తరగతి తప్పి, బెంగళూరులో ఒక తమిళ మేస్త్రీ దగ్గర రెండేళ్లు పని నేర్చుకొని తిరిగి వచ్చాడట. పద్యం అప్పజెప్పమంటే గోడవైపు చూస్తూ నిలబడే పిల్లవాడిగా నాకు అతడు గుర్తు. ప్రగతిపత్రంలో "శ్రద్ధ చాలదు" అని మూడేళ్లు వరుసగా వ్రాసిన చేయి నాదే.

నేను అనుకున్నట్లు అతడు గీజరు మూత విప్పలేదు. గదిలోకి వెళ్లి, తల పైకెత్తి, వెంటిలేటరు వైపు చూశాడు. "ఆ అట్ట ఎప్పుడు పెట్టినారు టీచర్?" అని అడిగాడు. చెప్పాను. స్టూలు తెమ్మని, ముందు దానిని చించేశాడు. తలుపు బార్లా తీసి రాయి అడ్డం పెట్టాడు. అప్పుడు జేబులో నుంచి చిన్న నోటుపుస్తకం తీసి నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. టిక్కు వస్తుందా, రాదా? వస్తే బలంగా వస్తుందా, నీరసంగా వస్తుందా? మంట పట్టి పోతుందా, అసలు పట్టదా? పొద్దున్నేనా, మధ్యాహ్నం కూడానా? వంటింటి పొయ్యి మంట ఎంత ఎత్తు వస్తున్నది? వైద్యుడి దగ్గర కూడా మమ్మల్ని ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

అతడు నాకు చెప్పినదానిని నా మాటల్లో వ్రాస్తున్నాను. గీజరు వెలగడానికి లోపల ఒక వరుస ఉన్నది. ఒకటి జరగనిదే రెండవది జరగదు. కుళాయి తిప్పగానే పారే నీరు ఒక రబ్బరు పొరను నెడుతుంది. పనివాళ్లు దానిని డయాఫ్రం అంటారు. ఆ పొర ఒక చిన్న పుల్లను కదిపితే స్విచ్చి పడుతుంది. అప్పుడు సెల్లుల విద్యుత్తుతో నిప్పురవ్వలు రాలుతాయి, గ్యాసు ద్వారమూ తెరుచుకుంటుంది. మంట పుట్టిన సంగతిని బర్నరు ముందు నిలబెట్టిన మరొక పుల్ల కనిపెట్టి లోపలి సర్క్యూటుకు తెలుపుతుంది. కొన్ని క్షణాలలో ఆ కబురు అందకపోతే గ్యాసు దానంతట అదే మూసుకుపోతుంది. ఈ వరుస తెలిస్తే రోగాన్ని చెవితోనే చాలామటుకు పట్టవచ్చు. టిక్కే లేకపోతే గ్యాసు గురించి ఆలోచించడం వృథా. నీటి ఒత్తిడి చాలదు, లేదా సెల్లులు చచ్చాయి, లేదా వాటి కొనలు పచ్చగా చిలుమెక్కాయి. టిక్కు ఉండి మంట లేకపోతే గ్యాసు రావడం లేదు, లేక సెల్లులు రవ్వను పుట్టించగలిగినా ద్వారాన్ని లాగలేకపోతున్నాయి. కొత్త సిలిండరు పెట్టిన వెంటనే అయితే ట్యూబులో చేరిన గాలి వెళ్లిపోయే దాకా ఆగాలి. మంట పుట్టి వెంటనే పోతే, కబురందించే పుల్లకు మసి పట్టి ఉంటుంది.

మా ఇంట్లో ఉన్నది ఒక రోగం కాదు. అందుకే ఒకరోజు ఒకలాగా, మరొకరోజు మరొకలాగా కనపడింది. నీరు లోపలికి వెళ్లే చోట చిన్న జాలీ ఉంటుంది. దానిని విప్పి నా అరచేతిలో పెట్టాడు. బోరునీటి సున్నమూ ఇసుకా పేరుకొని సగం పూడిపోయింది. పైన ట్యాంకు నిండుగా ఉన్న రోజు టిక్కు వచ్చేది, అడుగంటిన రోజు వచ్చేది కాదు. టూత్‌బ్రష్షుతో తోమితే ఆ రోగం తీరిపోయింది. రెండవది సిలిండరు. తడిగుడ్డతో దానిని పైనుంచి క్రిందికి తుడిచి, "చూస్తా ఉండండి టీచర్" అన్నాడు. క్షణంలో అంతా ఆరిపోయి, అడుగున నాలుగువేళ్ల మేర మాత్రం తడి మిగిలింది. ద్రవం ఉన్నంత వరకు ఇనుము చల్లగా ఉండి తడి ఆలస్యంగా ఆరుతుంది. అంటే అడుగున కొద్దిగా మాత్రమే మిగిలి ఉన్నది.

"మరి పొయ్యి మండుతున్నది కదరా?" అని మావారి ప్రశ్ననే నేను అడిగాను.

"పొయ్యికి చాలుతుంది టీచర్, దీనికి చాలదు. ఇది తాగేది చాలా ఎక్కువ."

లెక్క అడిగితే చెప్పాడు. ఆరు లీటర్ల గీజరు పూర్తి వేగంతో గంటసేపు మండితే ఇంచుమించు ఒక కిలో గ్యాసు కావాలి; వంటపొయ్యి బర్నరుకు అందులో ఐదారవ వంతు చాలు. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. వసారాలో రాత్రంతా చలికి తడిసిన సిలిండరులో, అడుగున మిగిలిన కొద్ది ద్రవం పొయ్యికి సరిపడా ఆవిరిని ఇస్తుంది గాని, గీజరు ఒక్కసారిగా లాగినంత వేగంగా ఇవ్వలేదు. అందుకే మధ్యాహ్నం వెలిగేది, తెల్లవారుజామున వెలిగేది కాదు. సిలిండరు మీద వేడినీళ్లు పోస్తే వస్తుందని ఎవరో చెప్పగా నేను మరునాడు అలా చేయాలని అనుకుంటున్నాను. ఆ మాట అతడితో అంటే నోటుపుస్తకం మూసి, "ఎప్పుడూ వద్దు" అన్నాడు. అంత గట్టిగా నాతో మాట్లాడిన శిష్యుడు లేడు.

నిండు సిలిండరు తగిలించాడు. సబ్బునీళ్లు రాసి, బుడగలు రావడం లేదని చూశాడు. కుళాయి తిప్పాడు. మూడు టిక్కులకే గీజరు వెలిగింది. నా మనసు తేలికపడింది. రెండు వందలో మూడు వందలో ఇచ్చి పంపవచ్చుననుకున్నాను. అతడు మాత్రం వెళ్లలేదు. కిందికి వంగి, చిన్న గాజు కంత గుండా మంటను చూస్తూ, నన్నూ చూడమన్నాడు. నీలంగా, పొట్టిగా ఉండవలసిన మంట పసుపుపచ్చని నాలుకలు చాచి ఊగుతున్నది. కట్టేసి మూత విప్పితే, పైనున్న రాగి రేకుల నడుమ మసి దట్టంగా పట్టి ఉన్నది. పైకి పోవలసిన వేడిగాలికి దారి లేక మంట ఊపిరాడక ఉన్నదని అతడి మాట. ధబ్బుమన్న శబ్దం గురించి చెప్పాను. రవ్వ అందే లోపల గ్యాసు పోగుపడి, ఒక్కసారిగా అంటుకుంటే ఆ శబ్దం వస్తుందట. మేము కుళాయిని మళ్లీ మళ్లీ తిప్పుతూ చేసినది ఆ పోగుచేయడమే.

"ఇంట్లో ఎవరికైనా తల తిరుగుతా ఉండాదా?" అని అప్పుడు అడిగాడు.

మా అత్తగారి సంగతి చెప్పాను. చెబుతున్నప్పుడే నా నోరు ఎండిపోయింది.

గాలి చాలినంత ఉంటే గ్యాసు శుభ్రంగా మండుతుంది. చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండరులోని గ్యాసు లీకయితే మనకు వచ్చే వాసన కోసమే కలిపిన ఘాటైన రసాయనానిది. ఈ విషవాయువుకు ఆ హెచ్చరిక కూడా లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను ఇది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి, కాళ్లలో సత్తువ పోవడం వరుసగా వస్తాయి. ప్రమాదమని తోచే వేళకు లేచి తలుపు తీసే శక్తి ఉండదు. బెంగళూరు స్నానాలగదులలో మనుషులు ఇలా చనిపోయిన వార్తలను ఎన్నో చలికాలాలు పత్రికలలో చదివాను. చదివి, అయ్యో అనుకొని, పేజీ తిప్పాను.

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం మీద లెక్క వేశాను. ఒక కిలో గ్యాసు పూర్తిగా మండడానికి 12 ఘనమీటర్లకు పైగా గాలి కావాలి. మా స్నానాలగదిలో మొత్తం పట్టే గాలి 7 ఘనమీటర్ల లోపే. మా ముగ్గురి స్నానాలకు కలిపి గీజరు అరగంట వెలిగేది. అంటే గదిలోని గాలి దాదాపు అంతా దానికే కావాలి, ఇక మనిషికి ఎక్కడిది? మావారు వెళ్లాక నేను, నేను వెళ్లాక ఆమె. మేము వాడి విడిచిన గాలిలో, గుణింతాల అట్ట క్రింద, ఆ ముసలిప్రాణం తలుపు వేసుకొని నీళ్లు పోసుకున్నది. హండా కాగిన బచ్చలింట్లో పొగ వస్తే దగ్గు వచ్చేది, దగ్గు వస్తే బయటకు వచ్చేవాళ్లం.

మళ్లీ ఆ ఆదివారం దగ్గరకు వస్తాను. మసి తుడిచి బిగించాక, "ఈ వారానికి ఇక్కడే ఉండనీ, సంక్రాంతి సెలవుల్లో బయటకు మారుస్తాము" అన్నాను. కిటికీ తెరిచే ఉంచుతామని కూడా చెప్పాను. గోడ పగలగొట్టాలి, పైపు కొనాలి, నెల మొదట్లోనే మందులకు ఖర్చయింది. నా ఇబ్బంది నాది. అతడు తల వంచుకొని, పద్యం అడిగినప్పుడు నిలబడినట్లే నిలబడ్డాడు. "నేను వెలిగించను టీచర్" అన్నాడు. ఇంకొకరిని పిలుస్తాను పో అని అనబోయాను కూడా. అతడు గీజరు అడుగున ఉన్న చిన్న తలుపు తెరిచి, రెండు సెల్లులూ తీసి నా చేతిలో పెట్టి, "బయట బిగించినాక నాకే ఇవ్వండి" అని, డబ్బు తీసుకోకుండా వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు పొయ్యి మీద గిన్నెతో నీళ్లు కాచుకున్నాము. ఐదవరోజున అతడే వచ్చి గీజరును వెనుకగోడకు బయటివైపున, సన్‌షేడు క్రింద, వాన పడని చోట బిగించాడు. ఇప్పుడు స్నానాలగదిలోకి వచ్చేది వేడినీటి పైపు మాత్రమే. గాలి వీచినప్పుడు అప్పుడప్పుడు మంట ఆరుతుంది. దానికి చుట్టూ మూయకుండా ఒక పక్క మాత్రం రేకు అడ్డం పెట్టాడు. అత్తగారికి ఆ తరువాత తల తిరగలేదు. వైద్యుడికి జరిగినదంతా చెబితే, మొదటే చెప్పవలసింది అన్నారు.

నోటుపుస్తకం సంగతి చెప్పకుండా ముగించలేను. సెల్లులు తెచ్చి ఇచ్చేటప్పుడు చూడనిమ్మని అడిగాను. సిగ్గుపడుతూ ఇచ్చాడు. పుస్తకమంతా తెలుగే. "టిక్కు లేదు, ముందు నీళ్లు చుడు." "మంట వచ్చి పోతుంది, సెంచరు పుల్ల మసి." "దబ్ అంటే ఆపు. ఓనరు తిట్టినా ఆపు." "మంట పసుపు, కిటికి చుడు." దీర్ఘాలు లేవు, ఒత్తులు లేవు. నా చేయి అలవాటుగా ఎర్రసిరా కలం కోసం వెదికింది. తమిళ మేస్త్రీ చెప్పినది, కన్నడ ఇళ్లలో చూసినది, ఇంగ్లీషు కాగితంలో బొమ్మలను బట్టి గ్రహించినది, అన్నీ తెలుగక్షరాలలో ఉన్నాయి. "తమిళంలో మాట్లాడేస్తాను టీచర్, కన్నడంలో బేరం ఆడతాను. రాయాలంటే మాత్రం ఇదే వస్తుంది" అన్నాడు. శ్రద్ధ చాలదని నేను వ్రాసిన పిల్లవాడు!

అప్పుడు నాకు మరొకటి గుర్తుకు వచ్చింది. మా గీజరు మీద ఎర్రరంగు కాగితం ఒకటి అతికించి ఉండేది. గాలి బాగా ఆడే చోటనే అమర్చాలని ఇంగ్లీషులోనూ హిందీలోనూ దానిమీద ఉన్నది. అన్నేళ్లు పళ్లు తోముకుంటూ దాని ముందు నిలబడ్డాను. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, చదవలేదు. చదవడం రాని తల్లులు మా బడిలో ఎందరో ఉన్నారు. తమ పిల్లలు ఇంటికి తీసుకొని వెళ్లే తెలుగు కాగితాన్ని మాత్రం ఆ పిల్లల చేత చదివించుకొని వింటారు.

సెలవులకు ముందు ఆరవ తరగతికి శ్రుతలేఖనంగా ఒక పేజీ తయారు చేశాను. మాటల దగ్గర చాలాసేపు ఆగాను. పాఠ్యపుస్తకంలో అయితే దహనం, ప్రజ్వలనం అని ఉంటుంది. మా పిల్లలు పొయ్యి ముట్టించు అంటారు, కొందరు అంటించు అంటారు, మా అమ్మ కాలంలో రాజేయడం అనేవారు. గీజరుకు మాత్రం ఎవరినడిగినా "పట్టలేదు", "వెలగలేదు" అనే వస్తుంది. దానినే వాడాను. వెంటిలేటరును గవాక్షమని వ్రాసి, కొట్టేసి, పైకిటికీ అని వ్రాశాను. భాషాభిమానం కొద్దీ పాండిత్యం చూపించే చోటు అది కాదు.

చెప్పి వ్రాయించాక, ఇంట్లో గ్యాసు గీజరు ఉన్నవారిని చేతులెత్తమన్నాను. తొమ్మిది చేతులు లేచాయి. స్నానాలగదిలోపలే ఉన్నవారు? ఐదు. ఒక అమ్మాయి చేయి దించకుండా, "టీచర్, మా గదికి కిటికీయే లేదు" అన్నది. అద్దె ఇల్లు. యజమాని గోడ తాకనివ్వడని తండ్రి చెప్పాడు. నేనూ నా శిష్యుడూ కలిసి వెళ్లాము. అతడు యజమానితో కన్నడంలో ఏమేమో మాట్లాడాడు, నాకు సగమే అర్థమయింది. గోడ తాకకుండానే, తలుపు పైనున్న పలక తీసివేసి పైపును అటునుంచి తెచ్చి, గీజరును బయటి వరండాకు మార్చడానికి ఒప్పుకున్నాడు. మార్చేదాకా బకెట్టులో నీళ్లు పట్టుకొని, గీజరు కట్టేసి, కాసేపు తలుపు తెరిచి ఉంచి, ఆ తరువాతే స్నానానికి వెళ్లాలని ఆ తల్లికి రెండుసార్లు చెప్పాము. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు తాకకుండా, రెగ్యులేటరు కట్టి, బయటకు వచ్చి 1906కు ఫోను చేయాలన్న మాటను ఆ అమ్మాయే తల్లికి చదివి వినిపించింది.

ఆ రోజు తిరిగివస్తూ నా పేజీని అతడికి ఇచ్చాను. బండి మీద కూర్చొని, పెదవులు కదుపుతూ మొత్తం చదివాడు. నేను వ్రాసిన మొదటి వాక్యం, గీజరు వెలగకపోతే ముందు సెల్లులు చూడాలి అని. అతడు జేబులోని పెన్ను తీసి, దానికి అడ్డంగా గీత గీసి, అట్టడుగున ఉన్న వాక్యం నుంచి పైకి బాణం గుర్తు వేసి, పక్కన ఒకటి అంకె వేశాడు. ఆ వాక్యం పైకిటికీ గురించి. అలాగే తిరిగి వ్రాశాను. వారం తరువాత వచ్చి నలభై జిరాక్సు కాపీలు తీసుకొని వెళ్లాడు, పనికి వెళ్లిన ప్రతి తెలుగింట్లో ఒకటి ఇవ్వడానికట. ఈ చలికాలానికి అవి అయిపోయాయని, మరొక యాభై కావాలని నిన్న ఫోను చేశాడు.